ఎర్ర దారం కట్టిన బొరుగుల మూట

పాము పగ పన్నెండేళ్లు అంటారు. ఆ మాట పుట్టించినవాళ్లు నడిమివంకకు వచ్చి ఆంజినమ్మను చూసి ఉండరు. చూసి ఉంటే పాపం పాముల మీద అంత అభాండం వేసేవాళ్లు కాదు.

ఆంజినమ్మ ఇంట్లో అటక మీద ఎప్పుడూ ఒక బొరుగుల మూట ఉంటుంది. తెల్లటి కోరాగుడ్డ, మూతికి ఎర్ర దారం. అది అమ్మడానికి కాదు, తినడానికి అంతకన్నా కాదు. బొరుగులు గాలి తగిలితే మెత్తబడతాయి కాబట్టి ప్రతి అమావాస్యకూ మూట విప్పి పాతవి మేకలకు పోస్తుంది, కొత్తవి నింపి మళ్లీ కడుతుంది. ఆ మూట ఎవరి కోసమో ఊరంతటికీ తెలుసు. ఈశ్వరప్ప చచ్చిననాడు పాడె ముందు చల్లడానికి.

"ఏమత్తా, ఇంకా పోలేదా ఆయప్ప?" అని పంక్చరంగడి కుళ్లాయప్ప ఆటపట్టిస్తాడు.

"పోతాడులే. నేనేమన్నా తొందర పడతాండానా?" అంటుంది ఆంజినమ్మ. అనేటప్పుడు నవ్వదు. బస్సు ఎప్పుడొస్తుందని అడిగితే చెప్పినట్టు చెబుతుంది.

సీమలో బొరుగులు బతికినవాళ్లకూ కావాలి, పోయినవాళ్లకూ కావాలి. పొద్దున నీళ్లలో తడిపి పిండి, ఉల్లిగడ్డలు పచ్చిమిరపకాయలు తాలింపు వేసి ఉగ్గాని చేసుకుంటారు. సాయంత్రం కారం కలుపుకుని బుక్కుతారు. మనిషి పోతే పాడె ముందు దోసిళ్లతో చల్లుకుంటూ పోతారు. అందుకే ఇక్కడ బొరుగుల బట్టీకి కరువులోనూ గిరాకీ ఉంటుంది. వానలు పడకపోతే పెళ్లిళ్లు ఆగుతాయేమో గానీ ఆకలీ ఆగదు, చావూ ఆగదు.

నడిమివంక ఊరు విడపనకల్లు దాటి కర్ణాటక వైపు పోయే దారిలో రెండు వంకల మధ్య ఉంటుంది. పెద్ద వాన పడితే రెండు వంకలూ పారి ఊరు దీవి అయిపోతుంది. అప్పుడు బస్సు రాదు, పాలవ్యాను రాదు, ఎవరికి ఏం కావాలన్నా ఊర్లో ఉన్నదే గతి. ఆ భాగ్యం నాలుగైదేళ్లకు ఒకసారి. మిగతా కాలమంతా వంకల నిండా ఇసుకే. పడమటి వంక ఇసుక తెల్లగా, గరుకుగా ఉంటుంది. తూర్పు వంక గట్టు మీద వల్లకాడు. ఈ రెండు వంకల సంగతి గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే బొరుగులకు ప్రాణం ఇసుకే. పెద్ద పెనంలో ఇసుక బాగా కాలాక, ఉప్పునీళ్లు పట్టించి ఆరబెట్టిన బియ్యం అందులో వేసి తిప్పితే రెప్పపాటులో పొంగి బొరుగులవుతాయి. వెంటనే జల్లెడలోకి ఎత్తి దులపాలి. దులపడం రానివాడి బొరుగుల్లో ఇసుక పంటికింద తగులుతుంది.

ఇరవై ఏళ్ల కిందట ఊరికంతా ఒకటే బట్టీ, అది ఈశ్వరప్పది. ఆంజినమ్మా, ఆమె మొగుడు ఓబుళేసూ ఇద్దరూ అందులో పనివాళ్లే. అతను పొయ్యిలోకి శెనక్కాయ పొట్టు ఎగదోసేవాడు, ఆమె జల్లెడ పట్టేది. ఆంజినమ్మ జల్లెడ పట్టిన బొరుగులు కావాలని జనం వేరుగా అడిగి కొనేవాళ్లు. అది విని విని మొగుడూ పెళ్లాలకు ఒక ఆశ పుట్టింది. ఇంటి వెనక చిన్న బట్టీ కట్టుకున్నారు. ఈశ్వరప్ప కోప్పడలేదు. "పోండప్పా, బాగుపడండి" అని నవ్వుతూ సాగనంపాడు.

నెల తిరగకముందే ఊర్లో ఒక మాట పుట్టింది. ఓబుళేసు బట్టీకి ఇసుక తూర్పు వంక నుంచి వస్తోందట. వల్లకాటి ఇసుకతో బొరుగులు వేయిస్తున్నారట. ఎవరు చూశారని అడిగితే ఎవరూ చూడలేదు. ఎవరు చెప్పారని అడిగితే ఈశ్వరప్ప అంగడి దగ్గర అనుకుంటుంటే విన్నామన్నారు. ఈశ్వరప్పను నిలదీస్తే, "నాకేం తెల్సప్పా? తూర్పు పక్క నుంచి బండి వస్తాంటే చూసినా, అంతే. యాడికి పోయినాడో ఏమో" అన్నాడు. అబద్ధం చెప్పడం కూడా ఒక విద్యే. ఈశ్వరప్ప సగం చెప్పి వదిలేశాడు, మిగతా సగం ఊరే పూర్తి చేసుకుంది.

ఆంజినమ్మ పడమటి వంక ఇసుక చేటలో పోసుకుని నడివీధిలో నిలబడి చూపించింది. ఇసుక నోరు తెరిచి తాను ఏ వంకదో చెబుతుందా? పిల్లలు తినే వస్తువు, అనుమానం వచ్చాక ఏ తల్లికి మనసొప్పుతుంది? బట్టీ చల్లారిపోయింది. ఓబుళేసు కూలి వెతుక్కుంటూ బళ్లారి దిక్కు పోయాడు. ఆ వేసవిలోనే వడదెబ్బ తగిలి అక్కడే పోయాడు.

శవాన్ని టెంపోలో తెచ్చారు. పాడె కడుతుంటే ఆంజినమ్మ లోపలికి పోయి, తాను వేయించి దాచుకున్న బొరుగులు చేటలో పోసుకుని వచ్చింది. పెద్దమనుషులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"అవి వొద్దులేమ్మా" అన్నాడొకాయన మెల్లగా.

మనిషిని పంపి ఈశ్వరప్ప బట్టీ నుంచి తెప్పించారు. ఈశ్వరప్ప వాటికి దుడ్లు తీసుకోలేదట. "పాపం, నా దగ్గర పని చేసినోడు. ఊరికే తీసకపోండి" అన్నాడట. వచ్చినవాడు ఆ మాటను అదేదో పెద్ద దయ అన్నట్టు ఆమె ముందే చెప్పాడు. అబద్ధమాడి బట్టీ ఆర్పినందుకు కాదు, మొగుడు దేశం కాని దేశంలో పోయినందుకు కూడా కాదు, ఆ 'పాపం' అన్న మాటకే ఆంజినమ్మ కడుపు రగిలిపోయింది. వీధి చివర నిలబడి, మొగుడి మీద పగవాడి బొరుగులు పడుతుంటే చూసింది. అందరూ పోయాక దారి పొడుగునా రాలిన బొరుగుల్ని కోళ్లు ఏరుకుంటున్నాయి. ఆమె అప్పుడే అనుకుంది, నీ శవం మీద నా బొరుగులు పడాల, అంతవరకు నేను చావను అని.

అనుకోవడం బాగానే ఉంది. బట్టీ ఎక్కడిది? చాలా ఏళ్లు శెనక్కాయలు పీకే కూలికి పోయింది. బట్టీ మళ్లీ వెలిగింది సుబ్బలక్ష్మమ్మ పిల్లల వల్ల.

సుబ్బలక్ష్మమ్మ ఈ ఊరి ఆడబిడ్డ. ధర్మవరానికి కోడలుగా పోయి, మగ్గాల వాళ్ల దగ్గర చీరలు తీసుకుని మూట నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగి అమ్మింది. కొడుకు చంద్రమోహన్ చేతికి వచ్చేసరికి అది పెద్ద పట్టుచీరల అంగడి అయింది. తల్లి పోయాక చంద్రమోహన్, అతని చెల్లెలు సునంద కలిసి ఆమె పేరు మీద ఒక ట్రస్టు పెట్టారు. ఊర్లో దాన్ని ఎవరూ ట్రస్టు అనరు, 'చీరలమ్మ సాయం' అంటారు. వాళ్లు అన్నదానాలు చెయ్యరు, దుప్పట్లు పంచరు. నీకేం పని వచ్చునమ్మా అని అడుగుతారు. వచ్చిన పనికి కావలసిన సామాను, నెత్తి మీద రేకులు, మొదటి సరుకు ఇచ్చి, నిలదొక్కుకునే దాకా వెంట ఉంటారు. కుట్టుమిషన్ల సువర్ణ, పంక్చరంగడి కుళ్లాయప్ప అట్లా లేచినవాళ్లే.

మొదటిసారి సునంద ఊర్లో కూర్చుని అందర్నీ అడిగినప్పుడు, వెనక నిలబడిన ఆంజినమ్మ "బొరుగులు వేయిస్తా" అంది. పక్కన ఎవరో కిసుక్కున నవ్వారు. ఎందుకు నవ్వారో సునంద కనుక్కుంది. బట్టీ కట్టించింది. బట్టీ వెలిగిన రోజు తనే వచ్చి, మొదటి వాయి బొరుగులు పైటకొంగులో పోయించుకుని, నడివీధిలో నిలబడి అందరూ చూస్తుండగా కొంగు ఖాళీ అయ్యేదాకా తింది. "మా అమ్మ ఎప్పుడూ ఒక మాట అనేది" అంది తింటూనే. "రెండు వంకల మధ్య బతికేటోళ్లము, మన అంగడికి మనమే బోణీ చెయ్యకపోతే ఎవురొచ్చి చేస్తారు అని."

చంద్రమోహన్ ఒక బస్తా ధర్మవరం తీసుకుపోయి మగ్గాల వాళ్లకు రుచి చూపించాడు. మగ్గం గుంటలో కూర్చుని పొద్దంతా కాళ్లాడించే వాళ్లకు సాయంత్రం బొరుగులు పడాల్సిందే. అక్కడ మొదలై, ఉరవకొండ అంగళ్లకు పాకి, చివరికి సొంత ఊర్లో అమ్ముడుపోయాయి. తినడం మొదలుపెట్టినవాళ్లెవరూ తప్పయిందని అనలేదు. ఊరికి మతిమరుపు మంచి మందు, వేసుకుని పడుకుంది. ఆంజినమ్మ ఆ మందు ముట్టలేదు. బట్టీ వెలిగిన వారానికే అటక మీదికి ఎర్ర దారం మూట ఎక్కింది. దాంతో పాటు ఒక కట్టడి కూడా పెట్టుకుంది. "ఆయప్ప బతికుండగా ఆ గడపకు నా బట్టీ నుంచి ఒక్క గింజ పోదు. సచ్చినాక బస్తా పోతాది" అని.

సునంద చేసిన బోణీ ఊర్లో ఆనవాయితీ అయింది. చీరలమ్మ సాయంతో ఎవరు అంగడి తెరిచినా, అంతకుముందు అట్లా నిలబడ్డవాళ్లలో ఒకరు బోణీ చెయ్యాలి. ఆంజినమ్మ బోణీ చేసిన కుట్టుమిషన్ల అంగడి రెండింతలైంది, పంక్చరంగడికి ట్రాక్టర్ల గిరాకీ వచ్చింది. అంతే, ఆంజినమ్మది చల్లని చెయ్యి అని పేరు పడిపోయింది. ఒకప్పుడు శవం మీద చల్లడానికి కూడా పనికిరాని చెయ్యి! ఆమె ఆ మాట విన్నప్పుడల్లా చెయ్యి తిప్పి చూసుకుని మళ్లీ జల్లెడ అందుకునేది.

ఈలోగా ఈశ్వరప్ప చితికిపోయాడు. బళ్లారి మిషను బొరుగులు వచ్చి అతని బట్టీని మింగేశాయి. కొడుకు లారీ మీద పోయి బళ్లారిలో ఇంకో కాపురం పెట్టుకుని ఇటు తిరిగి చూడటం మానేశాడు. మిగిలింది కోడలు వనజాక్షి, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులతో మంచం పట్టిన ముసలాయన. వనజాక్షి చేసే ఉగ్గాని బాగుంటుందని వీధిలో పేరు. బస్సు ఆగే చోట ఉగ్గాని బజ్జీల అంగడి పెట్టుకుంటానని ఆమె సునంద దగ్గరికి పోయింది.

సునందకు పాత సంగతులు తెలుసు. నేరుగా ఆంజినమ్మ దగ్గరికే వచ్చి అడిగింది. "ఆ ఇంటికి సాయం చెయ్యడం నీకు కష్టంగా ఉంటే చెప్పు. వేరే ఊర్లో ఏదన్నా చూస్తాం."

"ఇయ్యండి తల్లీ. ఈడనే ఇయ్యండి" అంది ఆంజినమ్మ.

సునంద ఆమె రెండు చేతులూ పట్టుకుంది, కళ్లు చెమర్చాయి. ఆంజినమ్మ మనసు పెద్దదని ఊరంతా చెప్పుకున్నారు. మనసు పెద్దదే, అందులో ఇరవై ఏళ్ల పగ పట్టింది కదా. ఆమె లెక్క వేరు. మొలకలో తుంచితే ఏం సుఖం? పూత పట్టాక, కాపు కళ్ల ముందు కనబడుతుంటే అప్పుడు నరకాలి. ఓబుళేసు బట్టీ కూడా అట్లాగే కదా ఆరింది, పొగ పైకి లేచాక.

తాంబూలం పట్టుకుని వనజాక్షి వచ్చింది. "బోణీ నువ్వే చెయ్యాలత్తా. మా మామ నీకు చేసింది నాకు తెల్సు. మొగం లేదు నాకు అడిగేకి. బిడ్డల మొగం చూసి రా" అంది. ఆంజినమ్మ తాంబూలం తీసుకుంది. ఒక్క క్షణం ఆ పిల్ల మీద జాలి కలిగిన మాట నిజం. ఓబుళేసు పాడె గుర్తు తెచ్చుకుంటే ఆ జాలి పోయింది. ఏం చెయ్యాలో అప్పటికే నిర్ణయమైపోయింది. ఊరంతా చూస్తుండగా మొదటి ముద్ద నోట్లో పెట్టుకోవాలి. ఉమ్మెయ్యాలి. ఇసుక అనాలి. అంతే. ఇరవై ఏళ్ల కిందట తన బట్టీని ఆర్పిన మాటే ఇది, ఇంకో మాట అక్కర్లేదు. చల్లని చెయ్యి అని పేరున్న మనిషి బోణీనాడు ఉమ్మేసిన అంగట్లో ఎవరు తింటారు?

అంగడి తెరిచిన పొద్దున బస్టాపు దగ్గర సందడిగా ఉంది. రేకులకు మామిడాకులు కట్టారు. బాణలిలో మిరపకాయ బజ్జీలు చిటపటలాడుతున్నాయి. సునంద వచ్చింది. సువర్ణ, కుళ్లాయప్ప, వీధిలో వాళ్లంతా వచ్చారు. ఒక పక్కన నులకమంచం మీద, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని ఈశ్వరప్ప కూర్చున్నాడు. ఆంజినమ్మ అతని వైపు ఒకసారి చూసింది. బాగా చూడు అనుకుంది. 

వనజాక్షి విస్తరాకులో వేడివేడి ఉగ్గాని పెట్టి, పైన పప్పుల పొడి చల్లి, రెండు చేతులతో అందించింది. ఆంజినమ్మ ముద్ద తీసుకుంది. నోట్లో పెట్టుకుంది. నమిలింది. పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మేసింది.

"ఇసక" అంది.

ముందువరుసలో బిడ్డను ఎత్తుకున్న ఒకామె రెండడుగులు వెనక్కి వేసింది. ఆంజినమ్మ ఆ రెండడుగులు చూసింది. తన బట్టీ ముందు నుంచి కూడా ఇట్లాగే వెనక్కి పోయారు. ఒళ్లంతా చల్లబడినట్టయింది. ఎంత హాయిగా ఉందో! ఇరవై ఏళ్ల దాహం ఒక్క గుక్కలో తీరినట్టుంది.

వనజాక్షి ఏడవలేదు, అరవలేదు. వెనక్కి పోయి ఖాళీ బస్తా ఒకటి తెచ్చి బల్ల మీద పరిచింది. దాని మీద మడతచీర బొమ్మ, కింద ఆంజినమ్మ పేరు. చీరలమ్మ సాయం వాళ్లు ఆంజినమ్మ బట్టీకి అచ్చు వేయించి ఇచ్చిన బస్తా అది.

"బొరుగులు నీవే అత్తా" అంది వనజాక్షి. "నువ్వు మా ఇంటికి ఇయ్యవని మా తమ్మునితో ఉరవకొండలో కొనిపిచ్చినా. మంచి బొరుగులు కావాలంటే నీవే కదా."

అందరి కళ్లూ బస్తా మీది నుంచి ఆంజినమ్మ మీదికి మళ్లాయి. జీవితమంతా బొరుగులు వేయించిన మనిషి, తన బట్టీ బొరుగులు నోట్లో పెట్టుకుని తెలుసుకోలేకపోయింది. ఎందుకు తెలుస్తుంది? ఉమ్మడానికి పెట్టుకున్న ముద్దకు రుచి ఎక్కడిది? ఇప్పుడు ఇసుక ఉందంటే తన బట్టీ ఆరిపోతుంది. లేదంటే బోణీనాడు అబద్ధమాడిన మనిషవుతుంది. వీధిలో అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి. "అంటే ఆంజినమ్మ బొరుగుల్లోనే ఇసకుండాదా?" అని ఎవరో అన్నారు. ఇంకెవరో, "పాత మాటే గదప్పా అది, తూర్పు వంక…" అని మొదలుపెట్టి ఆపేశారు. ఊరి మతిమరుపు ఎంత పలచనిదో అప్పుడు తెలిసింది.

కర్ర చప్పుడైంది. ఈశ్వరప్ప మంచం దిగి మెల్లగా వచ్చాడు. ఆంజినమ్మ చేతిలోని విస్తరాకు తీసుకున్నాడు. ఆమె ఎంగిలి చేసిన ఉగ్గానే, ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు. అందరూ చూస్తున్నారు.

"దీంట్లో ఇసక లేదు" అన్నాడు.

"మామ సాక్ష్యం కోడలికి చెల్లుతాదా తాతా?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

ఈశ్వరప్ప అతని వైపు తిరగలేదు. ఆకులోకి చూస్తూనే మాట్లాడాడు. "ఇట్లాంటి అబద్ధం యట్ల పుడ్తాదో నాకు తెలిసినంత ఈ ఊర్లో ఎవురికీ తెలీదప్పా. నేనే పుట్టిచ్చినా. ఓబుళేసు బండి తూర్పు పక్క నుంచి రానూ లేదు, నేను చూడనూ లేదు. ఆ పొద్దు వాళ్ల బొరుగుల్లో వల్లకాటి ఇసక లేదు. ఈ పొద్దు నా కోడలి దాంట్లోనూ లేదు."

పాడె దగ్గర 'అవి వొద్దులేమ్మా' అన్న పెద్దమనిషి కొడుకు అక్కడే ఉన్నాడు, అతను తల దించుకున్నాడు. సునంద ఆంజినమ్మ దగ్గరికి వచ్చింది.

"ఇసుక ఉందా ఆంజినమ్మా?"

"లేదు."

"మా అమ్మ పేరు మీద చేసే బోణీ. దాన్ని ఉమ్మేసినావు."

ఆంజినమ్మ తల దించలేదు. ఈశ్వరప్ప వైపు తిరిగింది. "ఆ మాట నమిలేకి ఇరవై ఏండ్లు పట్టిందే నీకు" అంది. అని, జనాన్ని చీల్చుకుని ఇంటికి నడిచింది.

ఇంట్లో బట్టీ గట్టు మీద కూర్చుంది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ మాట కోసం ఎన్నేళ్లు చూసింది! కలలో కూడా విన్నది. కాళ్లు పట్టుకుని చెబుతాడనుకుంది, చచ్చే ముందు ముక్కుతూ చెబుతాడనుకుంది. చివరికి ఎట్లా చెప్పాడు? ఆమె అబద్ధమాడి దొరికిపోయినప్పుడు, ఆమె బట్టీ పరువు నిలబెట్టడానికి చెప్పాడు. అంటే ఏమైనట్టు? ఈశ్వరప్ప ఆమెకు మేలు చేసినట్టు. మళ్లీ ఊరికే ఇచ్చినట్టు. ఆ రోజు బొరుగులు, ఈ రోజు మాట. అది తలచుకుంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది. కోడలికి చెయ్యబోయిన దానికి సిగ్గు కూడా వేసింది, కానీ ఆ సిగ్గు కన్నా ఈ మంటే ఎక్కువ.

ఇంతలో సువర్ణ పరుగున వచ్చింది. "అత్తా, ఆడ జనం ఒకరి మీద ఒకరు పడతాండారు. కుళ్లాయప్పన్న మొదులుపెట్టినాడు, ఇంగ అందరూ తినబట్టిరి. బొరుగులు అయిపాయ. ఉరవకొండకు పోయి తెచ్చేలోపల జనం యాడుంటారు? నీ కాడ ఉండాయా?"

లేవు. నిన్ననే సరుకంతా ఉరవకొండకు పోయింది. కొత్త బియ్యానికి ఇంకా ఉప్పునీళ్లు కూడా పట్టించలేదు. ఆంజినమ్మ తల పైకెత్తి అటక వైపు చూసింది. సువర్ణ కూడా చూసింది, చూసి నాలుక కరుచుకుంది.

ఈశ్వరప్ప రుణం ఒక్క పూట కూడా నెత్తిన ఉండకూడదు అనుకుంది ఆంజినమ్మ. నిచ్చెన వేసుకుని ఎక్కింది. మూట దించి నెత్తిన పెట్టుకుంది.

ఎర్ర దారం మూట వీధిలోకి రావడం ఊరు ఎన్నడూ చూడలేదు. మొదట చూసింది ముసలి మారెమ్మ. గడప మీద కూర్చుని బియ్యం ఏరుకుంటున్నదల్లా చేట కింద పెట్టి, "అయ్యో ఈశ్వరప్పా, పొద్దున్నే బాగుంటివి గదప్పా" అని శోకం ఎత్తుకుంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెంట పడ్డారు. డప్పు కొట్టే ఆయన గోడకున్న డప్పు తీసుకోవడానికి లోపలికి పోయాడు. ఆంజినమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. అట్లా శోకం వెంట రాగా మూట తీసుకుని బస్టాపు దగ్గరికి వచ్చేసరికి, ఈశ్వరప్ప మంచం మీద నిక్షేపంగా కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మారెమ్మ శోకం గొంతులోనే ఆగిపోయింది.

ఆంజినమ్మ మూట దించి, అంగడి ముందు కూర్చుని ఎర్ర దారం తెంపింది.

"కడిగి పిండు" అంది వనజాక్షితో. "మొన్న అమాసకు నింపినవే. కరకర ఉండాయి."

వనజాక్షి మూట వంక, మామ వంక చూసింది. ఆ మూట ఏమిటో ఆ ఇంట్లో అందరికంటే బాగా తెలుసు. అయినా బొరుగులు నీళ్లలో పోసింది. తాలింపు వేసింది. మొదటి విస్తరాకు ఆంజినమ్మ తీసుకుని, ఒక ముద్ద తాను నోట్లో పెట్టుకుంది. ఈసారి నమిలి మింగింది. బోణీ దుడ్లు బల్ల మీద పెట్టింది.

తర్వాత ఇంకో ఆకు నిండా పెట్టించుకుని మంచం దగ్గరికి పోయింది. జనం ఆమెకు దారి ఇచ్చారు.

"తిను" అంది. "నీ మీద చల్లేకి కట్టి పెట్టినవి. నీ గడపకు నా గింజ పోదని ఒట్టు పెట్టుకున్నా. నీ అప్పు తీర్చేకి ఆ ఒట్టు గట్టున పెట్టినా. ఇంగ నువ్వు నాకేమీ ఇచ్చింది లేదు."

ఈశ్వరప్ప బీడీ ఆర్పేశాడు. ఆకు ఒళ్లో పెట్టుకుని, తన పాడె ముందు పడాల్సిన బొరుగుల్ని ముద్దలు చేసి తిన్నాడు. పళ్లు తక్కువ, చాలాసేపు నమిలాడు. ఆకు ఖాళీ అయ్యేదాకా ఆంజినమ్మ అక్కడి నుంచి కదల్లేదు. క్షమించావా అని అతను అడగలేదు. అడిగి ఉంటే ఆ ఆకు మొహాన కొట్టేదే.

"బాగుండాయి" అన్నాడు చివరికి, మూతి తుడుచుకుంటూ. బట్టీ నడిపిన మనిషి కదా, ఊరుకోలేకపోయాడు. "బియ్యానికి ఉప్పు రవ్వంత తక్కువైంది మే."

ఆంజినమ్మ అతని వైపు కళ్లెర్రజేసి చూసింది. ఖాళీ కోరాగుడ్డ దులిపి భుజాన వేసుకుని ఇంటిదారి పట్టింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఆమె పెరట్లో పొగ లేచింది. బట్టీ మండింది, పడమటి వంక ఇసుక కాలింది, కొత్త వాయి బొరుగులు జల్లెడలోకి లేచాయి. ఆంజినమ్మ వాటిని ఆ కోరాగుడ్డలోనే పోసి, మూతికి కొత్త ఎర్ర దారం బిగించి, అటక మీద పెట్టింది. ఈసారి బియ్యానికి ఉప్పు రవ్వంత ఎక్కువ వేసింది.